చిల్లు లేని రబ్బరు

పద్నాలుగవ భాగం

పోయినవారం మనం దేవన్నను ల్యాబు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. ఎదురుగా డాక్టర్ ఆనందకుమార్, ఆయన చేతిలో అప్పుడే నాలుగు ముక్కలైన ఒక కాయితం.

కథను మధ్యలో చేతికి తీసుకున్నవారికి ఆ కాయితం సంగతి చెప్పాలి. దేవన్నది మెట్‌పల్లి. బస్టాండు పక్కన సైకిల్ పంక్చర్ల షాపు నడిపిన మనిషి. సౌదీకి వచ్చి ఎనిమిదేళ్లు రాబిగ్‌లో రిఫైనరీ పక్క క్యాంపులో ఉండి పైపులు మోశాడు. ఐదు నెలల కిందట అభా కొండ మీదికి వచ్చి, ఆనందకుమార్ దగ్గర రబ్బరు పొరలు పోయడం నేర్చుకున్నాడు. అకామా అనే నివాస కార్డు మీద మాత్రం ఇంకా వీసా ఇచ్చిన పాత యజమాని, అంటే కఫీల్ పేరే, పాత పనే: ఆమిల్, అంటే కూలీ. ఆ కఫీల్ తన కంపెనీలో సౌదీలకు తగినన్ని ఉద్యోగాలు ఇవ్వలేదు గనుక సర్కారు పెట్టిన నితాఖత్ లెక్కలో కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపు కంపెనీ మనిషి, కఫీల్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నవంబరు మూడు లోపల లెక్క సరిగ్గా ఉన్న ఆకుపచ్చ కంపెనీకి మారిపోవచ్చు. మారలేకపోతే ఎగ్జిట్ వేయించుకుని ఇంటికి పోవాలి. ఈ కథలో ఇవాళ అక్టోబరు ఇరవై మూడు.

మారడానికి ఆనందకుమార్ రాసిచ్చే ఉత్తరం కావాలి. ‘ఇతను ల్యాబు టెక్నీషియన్, పని తెలిసినవాడు’ అని. దాని మీద కంపెనీ ముదీర్, అంటే మేనేజరు సంతకం కావాలి. ఆ ఒక్క మాట అకామాలోకి ఎక్కితే దేవన్న తన భార్య ఊర్మిలను ఇక్కడికి తెచ్చుకోవచ్చు. కూలీకి ఫ్యామిలీ వీసా లేదు, టెక్నీషియన్‌కి ఉంది. పెళ్లయి తొమ్మిదేళ్లలో ఆ ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది పట్టుమని పదకొండు నెలలు. అలాంటి కాయితాన్ని ఆనందకుమార్ చించేశాడు. చించి, తన చేతులకేసి తనే బిత్తరపోయి చూసుకున్నాడు. అక్కడ ఆగాం.

"పొరకి చిల్లు పడింది. ఒప్పుకో," అన్నాడు ఆనందకుమార్.

"పడలే సార్."

"మీటరు అబద్ధం చెబుతుందా? ఆదివారం పొద్దున్న దాకా ఎంత గాలి దాటేదో, ఇప్పుడు దానికి నాలుగింతలు దాటేస్తోంది. రబ్బరు అదే, పంపు అదే, నీళ్లు అవే పద్దెనిమిది డిగ్రీలు. ఇంకేం మారిందయ్యా?"

దేవన్న మీటరు మీదికి వంగి ముల్లు చూశాడు.

ఈ పొర సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. భయపడకండి, సైకిల్ ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. వాడకుండా మూల పెట్టిన సైకిల్ ట్యూబులో నెల తిరిగేసరికి గాలి ఉండదు. వెతికితే పంక్చరూ ఉండదు. చిల్లు లేకపోయినా గాలి రబ్బరులోకి ఇంకి, మెల్లగా అవతలికి పోతుంది. అందులో ఆక్సిజన్ కాస్త తొందరగా, నైట్రోజన్ కాస్త నిదానంగా పోతాయి. ఆ తేడాను పట్టుకుని, మామూలు గాలిలోంచి ఆక్సిజన్ ఎక్కువున్న గాలి తీసే పెట్టె చేయాలని ఈ కంపెనీ వాళ్ల ఆశ. అభా ఎత్తైన కొండ ప్రాంతం. ఆయాసం మనుషులకు ఇక్కడి పల్చటి గాలి చాలదు. సిలిండర్ మోసే పని లేకుండా మంచం పక్కన పెట్టుకునే పెట్టె దొరికితే ఎందరికో మేలు.

ఉత్త రబ్బరు అయితే గాలి చాలినంత దాటదు. అందుకని దానిలో లిక్విడ్ క్రిస్టల్ అనే మందు కలుపుతారు. సీసాలో అది తెల్లగా, చలికి గిన్నెలో పేరుకున్న నెయ్యిలా ఉంటుంది. దేవన్న దాన్ని నెయ్యి అనే అంటాడు. ఆనందకుమార్ సరిదిద్ది సరిదిద్ది విసిగి, ఇప్పుడు తనూ నెయ్యి అనే అంటున్నాడు. ఆ నెయ్యి కలిసిన రబ్బరును అద్దం మీద అన్నం మెతుకంత మందం కూడా లేకుండా పరవడంలో దేవన్న చేతికి సాటి లేదు. అదే చేతిని ఇవాళ పనికిమాలిన చెయ్యి అంటున్నారు.

ఆనందకుమార్ చెడ్డవాడని అనుకోకండి. నరసాపురం మనిషి, సెలవురోజని శుక్రవారం వాళ్లింట్లో జరిగే క్రైస్తవ ప్రార్థనకు పెద్ద. ముదీర్ సాయంత్రం వస్తాడు, మీటరు చూస్తాడు. చిల్లు పొర పోసినవాణ్ణి పని తెలిసినవాడని రాసి సంతకం పెడితే అబద్ధ సాక్ష్యం కాదా అని ఆయన బాధ. నీతిగల మనిషికి కంగారు తోడైతే ఎదుటివాడి బతుకు మీదికి వస్తుంది.

"సార్, ఒక్కసారి ముంచి సూద్దాం," అన్నాడు దేవన్న.

"ఏంటి ముంచేది?"

"ట్యూబుకు చిల్లు వడ్డదా లేదా అని నోటితోని కొట్లాడితె తేలదు సార్. నీళ్లల్ల ముంచితె బుడగనే చెప్తది. నేను పన్నెండేండ్లు గదే చేసిన."

ఆనందకుమార్ గోడ గడియారం చూశాడు. రెండున్నర. "కానీ," అన్నాడు.

దేవన్న యంత్రం ఆపి, భోజనం పళ్లెమంత ఉన్న ఇనుప మూత విప్పాడు. కింద రబ్బరు పొర, పాలమీగడలా తెల్లగా, నున్నగా ఉంది. మేడమీద బట్టలు ఉతికే ప్లాస్టిక్ టబ్బు తెచ్చి చల్లనీళ్లు నింపాడు. కింది గొట్టానికి సైకిల్ పంపు తగిలించి, పళ్లేన్ని టబ్బులోకి దించాడు. మెట్‌పల్లి బస్టాండు దగ్గర కూర్చున్నట్టే గొంతుక్కూర్చుని, పంపు మెల్లగా ఒత్తి, చెంప నీళ్లకు ఆనించినంత దగ్గరగా వంగి చూశాడు.

చిల్లుంటే ఒకేచోటి నుంచి బుడగలు దండలా లేస్తాయి. లేవలేదు. అంచుల వెంట చూశాడు. మధ్యలో చూశాడు. పళ్లేన్ని తిప్పి మళ్లీ చూశాడు. ఆనందకుమార్ కూడా ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని పక్కన కూర్చున్నాడు. పీహెచ్‌డీ చేసిన మనిషి, పంక్చర్ షాపు మనిషి, ఇద్దరూ ఒకే టబ్బులోకి తలలు పెట్టి పావుగంట చూశారు. ఒక్క బుడగ లేవలేదు.

"బిగించు," అన్నాడు ఆనందకుమార్. గొంతులో కోపం సగం తగ్గింది గాని, ఆ స్థానంలో అనుమానం చేరింది.

మూత బిగించి పంపు వేశారు. మీటరు ముల్లు వచ్చి పాత అంకె దగ్గర నిలిచింది. నాలుగింతలు లేదు, ఏమీ లేదు. ఆదివారానికి ముందు ఎలా ఉండేదో అలాగే ఉంది.

"ఇగో సార్!" దేవన్న మొహం వెలిగింది. "నేను చెప్పలేదా!"

"ఆగాగు."

ఆగారు. ఐదు నిమిషాలు బాగానే ఉంది. ఆరో నిమిషంలో ముల్లు కదిలింది. ఎనిమిదో నిమిషానికి రెండింతలయింది. పన్నెండు నిమిషాలు తిరిగేసరికి మళ్లీ నాలుగింతల దగ్గర కూర్చుంది.

"ఇదేం చిల్లయ్యా! దానంతటదే మూసుకుని, దానంతటదే తెరుచుకుంటుందా?" ఆనందకుమార్ జుట్టు పీక్కోవడం ఒక్కటే తక్కువ.

సరిగ్గా అప్పుడే మేడ మెట్ల మీంచి కృపామణి దిగివచ్చింది. ఆనందకుమార్ భార్య. అభాలో పెద్దాసుపత్రిలో నర్సు. కింద ల్యాబు, పైన వీళ్ల కాపురం, విల్లా ఒకటే. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకుని, ఇప్పుడే లేచింది. భుజం మీద తువ్వాలు, మొహం మీద చిరాకు.

"ఏవండీ, మీరు గీజర్ ఏమైనా కదిపారా?"

"నా గొడవలో నేనుంటే గీజరేంటి కృపా!"

"ఆదివారం వేశాను కదా, చలి మొదలైందని. ఆ రోజు నుంచీ చూస్తున్నాను. పది చెంబులు పోసుకునేసరికి వేడి అయిపోయి గోరువెచ్చగా వస్తున్నాయి. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం, మా వార్డులో ఇరవైమందికి సరిపోయేంత గీజర్ అది. నీళ్లు ఎటు పోతున్నట్టు?"

"నాకేం తెలుసు. మా లైను చల్లనీళ్ల మీద ఉంది. నీ వేణ్ణీళ్లతో మాకు పనిలేదు."

దేవన్న చెయ్యి అప్పటికే ఇనుప పళ్లెం మీద ఉంది. పళ్లెం చుట్టూ నీళ్లు తిరిగే గొట్టం ఒకటుంది. పొర వేడెక్కకుండా కుళాయి నీళ్లు ఆ గొట్టంలో పారుతూ, బయట పెరట్లో దానిమ్మ చెట్లకు పోతుంటాయి. చల్లబరిచే యంత్రం చెడిపోయి జెద్దా పంపించినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. ఆ గొట్టం దేవన్న అరచేతికి వెచ్చగా తగిలింది, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా.

దేవన్న చెయ్యి అలాగే ఉండిపోయింది. అర్థమైంది. ఒక్కసారిగా, మొత్తం, ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది.

మీకూ చెబుతాను. సముద్రం ఒడ్డున రాబిగ్‌లో ఎండాకాలం నీలం కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. నీళ్ల ట్యాంకు మేడ మీద ఎండలో మరుగుతూ ఉంటుంది మరి. అందుకని అక్కడ గీజర్ ఆపేసి, ఎర్ర కుళాయి తిప్పుకుని స్నానం చేస్తారు. గీజర్ స్నానాల గదిలో నీడపట్టున ఉంటుంది గనుక అందులో నిలిచిన నీళ్లు చల్లగా ఉంటాయి. గల్ఫులో ఏ క్యాంపుకైనా పోయి అడగండి, కొత్తగా వచ్చినవాడికి మొదటిరోజు నేర్పే పాఠం అదే. ఎనిమిదేళ్లు ఎరుపంటే చల్లన, నీలమంటే వేడి అని బతికినవాడు దేవన్న. అభాకు వచ్చిన మొదటి వారం, ఎండాకాలంలో, ఆనందకుమార్ నీలం కుళాయికి తగిలించిన గొట్టం చూసి, అయ్యో, సార్‌కు తెలిసినట్టు లేదు అనుకుని ఎర్ర కుళాయికి మార్చాడు. చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతా అది! థర్మామీటర్ మాత్రం ఆనందకుమార్ కట్టినచోటే, నీలం పైపుకే ఉండిపోయింది. అభాలో ఎండాకాలమూ చల్లనే, గీజర్ ఆపే ఉంది గనుక ఐదు నెలలు ఏ తేడా తెలియలేదు. ఆదివారం కృపామణి గీజర్ వేసింది. థర్మామీటర్ నీలం పైపు మీద పద్దెనిమిది చూపిస్తూ కూర్చుంది, ఎర్ర పైపులోంచి వెచ్చటి నీళ్లు వెళ్లి పొరలోని నెయ్యిని కరిగించాయి.

కాబట్టి పొర మంచిదే. తప్పు మాత్రం దేవన్నదే.

కుళాయిలు రెండూ బల్ల వెనక, దేవన్న ఎడమచేతికి అందేంత దగ్గరలో ఉన్నాయి. మొగుడూ పెళ్లాం ఇంకా గీజర్ గురించే వాదించుకుంటున్నారు. గొట్టం ఎరుపు మీంచి లాగి నీలానికి తగిలించడానికి నాలుగు క్షణాలు చాలు. పావుగంటలో ముల్లు దిగిపోతుంది. సార్ సంతోషిస్తాడు, ముదీర్ సంతకం పెడతాడు. ఎవరికీ ఏమీ తెలియదు. ఊర్మిల వచ్చేస్తుంది.

చెబితేనో? నా చేతులారా నీ గొట్టం మార్చాను, నువ్వు ఐదు నెలలుగా రాసుకున్న ఉష్ణోగ్రతలు ఏవీ నమ్మడానికి లేదు అని చెబితే ఏమవుతుంది? ఇప్పుడే కాయితం చించిన మనిషి ఈసారి ఏం చించుతాడో.

దేవన్న చెయ్యి గొట్టం మీదికి పోయింది. పట్టుకుంది కూడా. నేను దాచను. మనవాడు దేవుడేం కాదు.

కాని పట్టుకున్న చెయ్యి లాగలేదు. పంక్చర్ షాపులో అతనికి ఒక లెక్క ఉండేది. తన అతుకు ఊడి బండి వెనక్కి వస్తే, ముల్లు గుచ్చుకుందని బొంకేవాడు కాదు, నా అతుకే ఊడిందని చెప్పేవాడు. అలా చెప్పినందుకు పోయిన బేరాలు ఉన్నాయి, కాని మెట్‌పల్లిలో దేవన్న అతుకును చూసి నవ్వినవాళ్లు లేరు. ఇక్కడ సంతకం కోసం బొంకితే, రేపు ఊర్మిలను ఈ ల్యాబుకు తెచ్చి, ఇదిగో నా పని అని ఏ మొహంతో చూపిస్తాడు?

"సార్," అన్నాడు. వాళ్లిద్దరూ వినలేదు. మళ్లీ అన్నాడు. "సార్, సిస్టరమ్మ నీళ్లు ఎటువోతున్నయో నాకు తెలుసు. ఈ గొట్టంలకు పోతున్నయి. ఎర్ర నల్లాకు వెట్టింది నేనే."

ఆనందకుమార్ గీజర్ మాట వదిలి ఇటు తిరిగాడు.

"ఎప్పుడు?" అన్నాడు ఆనందకుమార్.

"వచ్చిన మొదటి వారంల. రాబిగ్‌ల ఎర్ర నల్లానే సల్లగుంటది సార్. మీకు తెల్వదేమో అనుకున్న. తప్పైంది."

ఆనందకుమార్ వచ్చి గొట్టం పట్టుకుని చూశాడు. దాని వెంట చెయ్యి పైకి పాకిస్తూ చూశాడు. ఎరుపు. థర్మామీటర్ ఎక్కడ కట్టి ఉందో చూశాడు. నీలం. కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు. "ఐదు నెలలు!" అన్నాడు. "ఐదు నెలలు నేను పక్కింటి వాడికి జ్వరం చూసి నా పేషెంటుకి రాసుకున్నానన్నమాట!"

"అయినా ఒకసారైనా వెళ్లి గొట్టం ముట్టుకుని చూడొద్దా మీరు?" అంది కృపామణి. "మా వార్డులో స్టూడెంట్ నర్సు చేసినా ఊరుకోం. ముందు చెయ్యి, తర్వాత థర్మామీటరు."

"నువ్వుండు కృపా." కోప్పడబోయిన మనిషి సగంలో ఆగిపోయాడు. పెదవులు కదులుతున్నాయి, ఏవో లెక్కలు వేసుకుంటున్నాడు. "ఆగు. ఆగు. చల్లబడితే తక్కువ, వెచ్చబడితే నాలుగింతలు. మధ్యలో ఒకచోట ఠక్కున లేస్తోంది. దేవన్నా, నెయ్యి కరుగుతోందయ్యా! పేరుకుని ఉంటే గాలికి అడ్డం, కరిగితే దారి. ఇదే కదా మనం చూడాలనుకున్నది! సీసా మీద అరవై డిగ్రీలకు గాని కరగదని రాసి ఉంటే నేనూ నమ్మి, ఇంకో సంవత్సరం పడుతుందనుకుంటున్నాను. రబ్బరులో కలిసేసరికి ముందే కరిగిపోతోంది!"

"గట్లయితె మంచిదేనా సార్?" అన్నాడు దేవన్న నమ్మలేక.

"మంచిదో చెడ్డదో ఇప్పుడే తేల్చేద్దాం. చిల్లులోంచి వస్తే అది మామూలు గాలే. పొరలోంచి ఇంకి వస్తే ఆక్సిజన్ ఎక్కువ ఉండాలి. ఆక్సిజన్ మీటరేమో సెన్సార్ చచ్చి కూర్చుంది. ఏం చేద్దాం? నిప్పు కావాలి. మండకూడదు, కణకణలాడాలి."

"ప్రార్థన చేసుకునే ఇల్లండీ ఇది, దీపధూపాలు ఉండవు, మనకి అలాంటి నిప్పు ఎక్కణ్ణించి వస్తుంది?" అంది కృపామణి.

"నా రూముల అగరుబత్తి ఉన్నది," అన్నాడు దేవన్న.

దేవన్న అగరుబత్తి తెచ్చేలోగా ఆనందకుమార్ కాలేజీ రోజుల్లోకి వెళ్లిపోయాడు. టబ్బులో నీళ్లు నింపి, పచ్చడి సీసా ఒకటి బోర్లించి, పంపు నుంచి వచ్చే గాలిని గొట్టంతో అందులోకి పట్టాడు. బుడగలు ఎక్కుతుంటే సీసాలో నీళ్లు దిగాయి. అరగంట పట్టింది. ఆ అరగంటలో కృపామణి స్నానం సంగతే మరిచిపోయింది. మసీదులో అసర్, అంటే సాయంత్రపు నమాజు పిలుపు వినిపించింది. ముదీర్ నమాజు కాగానే వస్తాడు.

దేవన్న అగరుబత్తి వెలిగించి, మంట ఊది ఆర్పాడు. కొసన చిన్న ఎర్రచుక్క మిగిలింది. ముందు ఖాళీ సీసాలో, మామూలు గాలిలో పెట్టి చూశారు. చుక్క చుక్కలాగే ఉంది. తర్వాత పచ్చడి సీసా తిప్పి, మూత కొంచెం జరిపి, ఆనందకుమార్ తలూపాడు. దేవన్న అగరుబత్తి లోపలికి దించాడు.

ఎర్రచుక్క పసుప్పచ్చగా మారి భగ్గున మెరిసింది. సీసా గోడలకు వెలుతురు తగిలేంత మెరిసింది.

"ప్రభువా!" అంది కృపామణి.

ఆనందకుమార్ స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆదివారం నుంచి పడ్డ కంగారంతా నవ్వుగా బయటికి వస్తుంటే ఆపుకోలేకపోయాడు. దేవన్నకు మాత్రం ఏడుపొచ్చింది. అగరుబత్తి పట్టుకునే, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. గుండె మీంచి రాయి దించినట్టయింది.

"దేవన్నా," అన్నాడు ఆనందకుమార్ నవ్వు ఆగాక, "నిన్ను ఎన్నేసి మాటలన్నానయ్యా! మనసులో పెట్టుకోకు."

"మీరు అన్నది సగం నిజమే కద సార్. గొట్టం నేనే మార్చిన."

"ఆ మాట నాకు చెప్పకుండా నీలానికి పెట్టేసి ఉంటే ఏమయ్యేదో తెలుసా? ముల్లు దిగిపోయేది. నేను స్తోత్రం చెప్పుకుని పడుకునేవాణ్ణి. చేతికొచ్చింది చేజారిపోయేది."

"ఆ క్షమాపణలు తర్వాత," అంది కృపామణి, "ముందు ఆ కాయితం మళ్లీ టైపు చెయ్యండి. కారు శబ్దం వినిపిస్తోంది."

ముదీర్ అబూ మిషాల్ లోపలికి వచ్చేసరికి ప్రింటరు ఇంకా గురగురలాడుతూనే ఉంది. కృపామణి మేడమీదికి వెళ్లిపోయింది. అబూ మిషాల్ యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఆనందకుమార్ ఇంగ్లీషులో, మధ్యమధ్య వచ్చినంత అరబీలో సంగతంతా చెప్పాడు. గొట్టాన్ని నీలానికి మార్చి ముల్లు దిగడం చూపించాడు, ఎరుపుకు మార్చి ఎక్కడం చూపించాడు. దేవన్న అగరుబత్తి ముచ్చట మళ్లీ చేసి చూపించాడు.

అబూ మిషాల్ అంతా విని, ఒక్కటే అడిగాడు. "ఎర్ర కుళాయికి పెట్టింది ఎవరు?"

ఆనందకుమార్ నోరు తెరిచేలోపలే దేవన్న ముందుకు వచ్చాడు. "అనా," అన్నాడు. నేనే అని. "రాబిగ్ అలవాటు," అని తనకొచ్చిన అరబీలో కలిపాడు.

అబూ మిషాల్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, పెద్దగా నవ్వాడు. తన అత్తవారిది జీజాన్ తీరమని, పెళ్లయిన కొత్తలో అక్కడ నీలం కుళాయి తిప్పి వీపు కాల్చుకున్నానని, ఇప్పటికీ బావమరుదులు ఆ కథ చెప్పి నవ్వుతారని అన్నాడు. నవ్వుతూనే కాయితం అందుకుని, టెక్నీషియన్ అన్న మాట మీద వేలు పెట్టి చదివి, సంతకం చేశాడు. వచ్చే ఆదివారం మనుషుల్ని పంపి లేబర్ ఆఫీసులో పని పూర్తి చేయిస్తానన్నాడు. పాత కఫీల్‌ది ఎరుపే గనుక అడ్డం ఏమీ రాదన్నాడు. రేపటి నుంచి థర్మామీటర్ కట్టే పని మాత్రం డాక్టర్‌ది కాదు, దేవన్నదే అన్నాడు.

ఆయన కారు మలుపు తిరిగిందో లేదో, దేవన్న ఫోను తీసుకుని పెరట్లోకి పరుగెత్తాడు. దానిమ్మ చెట్ల పక్కన గట్టు మీద కూర్చున్నాడు. చలిగాలి వీస్తోంది, అతనికి తెలియడం లేదు. ఇన్నేళ్లలో ఫోను చేసిన ప్రతిసారీ ఏం తిన్నావు, వాన పడ్డదా అనే మాటలే. ఇవాళ మాత్రం చెప్పడానికి నిజంగా ఒక సంగతి ఉంది. రెండు రింగులకే ఊర్మిల ఎత్తింది.

"నేనే చేద్దామనుకుంటున్న! నువ్వే చేసినవు," అంది. గొంతులో ఏదో సంబరం.

"ముందు నా మాట ఇను. సంతకం అయింది ఊర్మిలా! టెక్నీషియన్ అని రాసిన్రు. ఇగ మనకు ఫ్యామిలీ వీసా వస్తది. రెండు మూడు నెలలల్ల నువ్వు ఈడుంటవు. ఈడ సల్లగుంటది, మనూరి లెక్క ఎండ కొట్టదు. సిస్టరమ్మ కూడ మనోళ్లే, నీకు తోడుంటది. పాస్‌పోర్టుకు రేపే పెట్టు, ఇన్నవా?"

దేవన్న ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"ఊర్మిలా? ఇనవడుతాందా?"

"ఇనవడుతాంది." సంబరం పోయి గొంతు నెమ్మదించింది. "మంచిగైంది. నీ కష్టం ఊకెనే పోలే. శాన సంతోషం."

"మరి గట్ల మాట్లాడుతవేంది?"

"ఎండాకాలంల అంగన్‌వాడీ టీచర్‌కు అర్జీ పెట్టిన. నీకు చెప్పలే. వస్తదో రాదో అని. ఈడనే కాపురముండే కోడలే కావాలె అన్నరు, నేనొక్కదాన్నే పది పాసయిన. పొద్దుగాల ఆర్డర్ వచ్చింది." కాయితం విప్పిన చప్పుడు దేవన్నకు స్పష్టంగా వినిపించింది. "ఇరవై రెండుమంది పిల్లలు. నా పేరు మీద రిజిస్టరు. రేపు పదింటికి మెట్‌పల్లి ఆఫీసుల జాయినింగ్ కాయిదం మీద సంతకం పెట్టాలె. తొమ్మిదేండ్లల్ల నాకంటూ వచ్చింది ఇదొక్కటేనయ్యా. ఇప్పుడు చెప్పు. పెట్టాల్నా, వద్దా?"